సంతకం వెనుక చరిత్ర

మహాపురుషుల చేతివ్రాతను చూచినప్పుడు మనసు పులకించడం సహజం. ఆ పులకింతే అమెరికాలో ఒక వ్యాసంగానికి మూలమైనది. ఆ దేశపు తొలి అధ్యక్షులైన జార్జి వాషింగ్టన్, జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్, జేమ్స్ మాడిసన్ ప్రభృతులు సంతకం చేసిన పత్రాలను సేకరించి భద్రపరచడమే ఆ వ్యాసంగం. పత్రం లేనిదే చరిత్ర లేదు. కనుక దీనిలోని మంచిచెడ్డలను విద్యార్థులు గ్రహించడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఇన్ని సంతకాలు ఎట్లు లభిస్తున్నవి? ఆనాడు పరిపాలనకు సంబంధించిన ఎన్నో పత్రాలపై అధ్యక్షుడే స్వయంగా సంతకం చేయవలసి ఉండేది. ప్రభుత్వ భూమిని పొందిన వారికిచ్చే పట్టాలు, సైనికాధికారుల నియామక పత్రాలు, ఓడలకిచ్చే అనుమతి పత్రాలు అట్టివే. వీటిలో ఓడల పత్రాలు మిక్కిలి ఆసక్తికరమైనవి. అమెరికా 1795లో అల్జీర్స్ పాలకునితో సంధి చేసికొన్నది. మరుసటి సంవత్సరమే ఓడల అనుమతి పత్రాలకు చట్టం వచ్చినది. చర్మపత్రంపై ముద్రించిన ఈ పత్రం పైభాగాన్ని అలల వలె వంకరగా కత్తిరించి, ఆ ముక్కలను ఉత్తరాఫ్రికా రేవులకు పంపేవారు. సముద్రంలో అమెరికా ఓడ ఎదురైనప్పుడు అక్కడి నావికులు తమ వద్దనున్న ముక్కను పత్రంతో సరిపోల్చేవారు. రెండూ కలిసినచో ఓడ నిరాటంకంగా సాగిపోయేది. భాష తెలియని ఇరుపక్షాల నడుమ కత్తెర గీతయే సాక్ష్యమైనది!

అయితే సంతకమున్న ప్రతి పత్రమూ అసలైనది కాదు. 1833లో వచ్చిన చట్టం ప్రకారం భూమి పట్టాలపై అధ్యక్షుని పేరును ఆయన కార్యదర్శి వ్రాయసాగెను. అందుచేత ఆ తరువాతి పట్టాలపై కనిపించే ఆండ్రూ జాక్సన్ పేరు ఆయన చేతివ్రాత కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఫిలడెల్ఫియాకు చెందిన రాబర్ట్ స్ప్రింగ్ వాషింగ్టన్ పేరిట దొంగ పత్రాలు సృష్టించి అమ్మినాడు. పరీక్షకులు అక్షరాల పోకడను మాత్రమే గాక సిరాను, కాగితాన్ని కూడ పరిశీలిస్తారు. వాషింగ్టన్ నాటి కాగితం గుడ్డపీలికలతో చేసినది. కలపగుజ్జు కాగితంపై ఆయన సంతకం కనిపించినచో అది కల్పితమని వెంటనే తేలిపోతుంది.

దొంగ సంతకంకన్న మితిమీరిన అభిమానం చేసిన హాని ఎక్కువ. వాషింగ్టన్ రచనలను ప్రకటించిన జారెడ్ స్పార్క్స్, ఆయన స్వహస్తంతో వ్రాసి వాడక విడిచిన తొలి ప్రారంభోపన్యాసపు ప్రతిని ముక్కలుగా కత్తిరించి, చేతివ్రాత కోరిన వారికి పంచిపెట్టినాడు. ఆ ముక్కలన్నీ నేటికీ ఒకచోట చేరలేదు. విలియం స్ప్రేగ్ అను మతాచార్యుడు మాత్రం వాషింగ్టన్ లేఖలను అనుమతితో తీసికొని, వాటి స్థానంలో నకళ్లను ఉంచినాడు. ఇద్దరిదీ అభిమానమే. కాని ఒకరిది చరిత్రను చీల్చినది, మరొకరిది నిలిపినది.

2012లో వాషింగ్టన్ స్వగృహమైన మౌంట్ వెర్నన్‌ను కాపాడుతున్న మహిళా సంఘం, ఆయన సంతకమూ స్వహస్త గుర్తులూ కల 1789 నాటి శాసనాల గ్రంథాన్ని 98 లక్షల డాలర్లకు పైగా వెచ్చించి వేలంలో కొన్నది. ఆ గ్రంథం మరల తన ఇంటికే చేరినది. సేకరణకు ఇంతకన్న ఉత్తమ ప్రయోజనం ఏమి కలదు?

మన ఇండ్లలోను తాతల నాటి సనదులు, ఇనాం పత్రాలు పెట్టెల అడుగున చెదలకు ఆహారమగుచున్నవి. వాటిపై ఫార్సీలోనో ఉర్దూలోనో ఉన్న వ్రాతను చదువలేక పారవేయువారును కలరు. విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు ఆ పెట్టెను ఒకసారి తెరవండి. చదువలేని పత్రాన్ని పారవేయక, చదువగలవారికి చూపండి. ముద్రను మాత్రం కత్తిరించకండి.