పనివారి సంఖ్యయు పని వేగమును: సాఫ్టువేరు జట్ల నాయకత్వము

పడమటి కనుమల దిగువన, రాజపాళెమునకు చేరువగానున్న సేత్తూరు వాసులకు నూలుమిల్లు క్రొత్త కాదు. 1936లో పి. ఎ. సి. రామసామి రాజాగారు రాజపాళెము మిల్సును స్థాపించిన పిమ్మట ఈ ప్రాంతమున అనేక కుటుంబములకు కదురే జీవనాధారమైనది. ఆ కుటుంబపు రాంకో సముదాయమునుండియే 1997లో రాంకో సిస్టమ్స్ అను సాఫ్టువేరు సంస్థ చెన్నై కేంద్రముగా ఏర్పడినది. మిల్లులో పనివారిని నడపుటకును, ప్రోగ్రాములు వ్రాయువారిని నడపుటకును గల భేదము ఇట్లు ఈ ప్రాంతపు ముంగిటికే వచ్చినది.

మిల్లులోని రింగుఫ్రేమునందు ప్రతి కదురును తన పోగును తాను వడకును. ఒకచోట పోగు తెగినచో ప్రక్క కదురు ఆగదు. పనివారు వచ్చి దానిని అతికిన చాలును. ప్రత్తియు విద్యుచ్ఛక్తియు చాలినంత యున్నచో, కదుళ్లను హెచ్చించిన కొలది నూలు హెచ్చును. మేస్త్రీ లెక్క సూటిగా నుండును.

సాఫ్టువేరునందు ఈ లెక్క తప్పును. ఒకరు వ్రాసిన భాగము మరియొకరి భాగముపై ఆధారపడియుండును. అమ్మకములను నమోదు చేయు భాగములో తేదీ వ్రాయు పద్ధతిని మార్చినచో, పన్ను లెక్కించు భాగము తప్పు చూపవచ్చును. ఐ.బి.ఎం. సంస్థ ఈ సంగతిని మిక్కిలి ఖరీదుగా నేర్చుకొన్నది. 1964లో ప్రకటింపబడిన సిస్టం 360 యంత్రములకు వలసిన ఓ.ఎస్. 360 నిర్మాణము గడువు దాటిపోయెను. దానికి నాయకత్వము వహించిన ఫ్రెడరిక్ బ్రూక్సు తన అనుభవమును 1975లో గ్రంథముగా వెలువరించెను. ఆలస్యమైన పనిలో క్రొత్తవారిని చేర్చిన అది మరింత ఆలస్యమగునని ఆయన తేల్చెను. క్రొత్తవారికి నేర్పుటకై పాతవారు తమ పని మానవలెను. సంప్రదింపుల భారము అంతకంటె పెద్దది. ముగ్గురున్న జట్టులో పరస్పరము మాటలాడుకొనవలసిన జంటలు 3, పదిమందియైనచో 45, ఇరువదిమందియైనచో 190.

కావున నాయకుని నేర్పు ముఖ్యముగా పనిని విభజించుటయందు కనబడును. ఏ భాగము ఏ భాగమునకు ఏమి అందింపవలెనో ముందే వ్రాతమూలముగా స్థిరపరచినచో, ఒక జట్టు మరియొక జట్టును మాటిమాటికి అడుగవలసిన పని యుండదు. సంస్థ నిర్మించు వ్యవస్థ ఆ సంస్థలోనివారు సంప్రదించుకొను తీరునే పోలియుండునని మెల్విన్ కాన్వే 1968లోనే వ్రాసెను. మాటలు లేని రెండు విభాగములు వ్రాసిన ప్రోగ్రాముల నడుమ అతుకు కుదరదు. గడువు పెంచుమని కోరుటయో, పనిలో కొంత తగ్గించుమనుటయో గౌరవహానియని తలంచు నాయకులు గలరు. అదనముగా పదిమందిని పిలిపించువారు తరచు వారే.

తెగిన పోగు కంటికి కనబడును. ప్రోగ్రాములోని దోషము పెక్కుమార్లు వ్రాసినవారు చెప్పినగాని తెలియదు. ఏమీ ఎడ్మండ్సన్ ఆసుపత్రి జట్లను పరిశీలించి 1996లో ప్రకటించిన పరిశోధనలో ఒక వింత గలదు: మందులిచ్చుటలోని పొరపాట్లు మంచి నాయకత్వమున్న జట్లలోనే ఎక్కువగా నమోదైనవి. ఆ జట్లవారు పొరపాట్లను దాచక చెప్పుటయే అందులకు కారణమని ఆమె భావించినది. ఉదయపు సమావేశమున అంతయు సవ్యముగా నున్నదను మాటయే ప్రతిదినము వినవచ్చుచున్నచో నాయకుడు సందేహింపవలెను. పెద్దల యెదుట నోరు మెదపకుండుట మర్యాదగా పెరిగిన యువతీయువకులు జట్లలో అనేకులు. వారిని పేరుపెట్టి అడిగి, చెప్పిన దోషమునకు కోపింపక విననిచో, మూడు వారములు ముందుగా తెలియవలసిన సంగతి గడువునాటి రాత్రి తెలియును.