పందిపిల్లల మేత: యాంటీబయోటిక్ మానితే బదులు ఏం పెట్టాలి?

బరంపురం, గోపాలపురం, మార్కండి వైపు మన తెలుగు కుటుంబాల్లో కొందరు ఈ మధ్య పందుల పెంపకం గురించి ఆలోచిస్తున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో చేతికి ఇంకో ఆదాయం ఉంటే ఇల్లు నిలబడుతుంది. జాతీయ పశుసంపద మిషన్ కింద 100 ఆడ పందులు, 10 మగ పందుల యూనిట్‌కు ఖర్చులో సగం, గరిష్ఠంగా 30 లక్షల రూపాయల వరకు రాయితీ కూడా ఉంది. సంఘం కార్యాలయానికి వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "మేతలో యాంటీబయోటిక్ పొడి కలపమంటున్నారు. కలపకపోతే పిల్లలు దక్కవా? దానికి బదులు సహజమైనది ఏదైనా ఉందా?" అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ అలవాటు ఎక్కడిది?

దీని మొదలు వెతికితే మన తెలుగువారి పేరే కనిపిస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు అధిపతిగా ఉన్నప్పుడు, అక్కడే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే మందును కనుగొన్నారు. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. తర్వాత అదే సంస్థలో జూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. పిల్లలు త్వరగా పెరిగాయి. త్వరలోనే ఆ పద్ధతి పందులకూ పాకింది. మనుషుల ప్రాణాలు కాపాడటానికి వచ్చిన మందు అలా బరువు పెంచే దినుసుగా మారింది.

నష్టం ఎవరికి?

రోజూ కొద్దికొద్దిగా మందు తగిలితే బలహీనమైన సూక్ష్మజీవులు చస్తాయి, మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. అవి పేడతో, కాలువ నీటితో, మన చేతులతో ఇంట్లోకి వస్తాయి. కొలిస్టిన్ సంగతి చూడండి. ఏ మందూ పనిచేయని రోగికి ఆసుపత్రిలో చివరగా ఇచ్చే మందుల్లో అదొకటి. దానికి లొంగని గుణాన్ని ఒక సూక్ష్మజీవి నుంచి మరోదానికి మోసే జన్యువు చైనాలో పందుల్లోనూ, రోగుల్లోనూ ఉన్నట్టు 2015లో బయటపడింది. మన దేశంలో 2019 జులైలో ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్ళకు, చేపల చెరువులకు, మేతకు కొలిస్టిన్ తయారీ, అమ్మకం నిషేధించారు. ఎవరైనా అది కలిసిన పొడి అమ్మజూపితే కొనకండి.

మానేసినవాళ్ళు ఏం నేర్చుకున్నారు?

బరువు పెంచడానికి మందు కలపడాన్ని స్వీడన్ 1986లోనే ఆపింది. డెన్మార్క్ రైతులు 1999 చివరికి పందిపిల్లల మేతలో కూడా మానేశారు. యూరోపియన్ యూనియన్ మొత్తంలో 2006 జనవరి 1 నుంచి నిషేధం. డెన్మార్క్‌లో మొదట్లో పాలు మానిన పిల్లలకు పారుడు ఎక్కువైంది, చికిత్సకు మందు వాడకం కొంత పెరిగింది. అయినా మొత్తం వాడకం మునుపటి కంటే బాగా తగ్గింది, పందుల ఉత్పత్తి మాత్రం ఆగలేదు. వాళ్ళకు తెలిసిందేమిటంటే, మందు ఇన్నాళ్ళూ కప్పిపెట్టినవి మురికిపాక, ఇరుకు, మరీ తొందరగా పాలు మాన్పించడం. కాబట్టి పొడి స్థానంలో ఆకు పెడితే సరిపోదు. ముందు వాటిని సరిచేయాలి.

పాలు మాన్పించే వారం

తల్లిపాలలోని చక్కెర కడుపులో పులిసి ఆమ్లం అవుతుంది. అదే పిల్లకు కాపలా. పాలు మాన్పించగానే ఆ ఆమ్లం తగ్గిపోతుంది, పిల్ల కడుపు సొంతంగా చాలినంత ఆమ్లం ఇంకా చేసుకోలేదు. పారుడు రోగం ఆ సందులోనే వస్తుంది. పెద్ద ఫారాల్లో 3, 4 వారాలకే పాలు మాన్పిస్తారు. మన చిన్న పాకలకు 6 నుంచి 8 వారాలు ఆగడమే క్షేమం. పుట్టిన మొదటి గంటల్లో ప్రతి పిల్లా ముర్రుపాలు తాగేలా చూడాలి. పొడి నేల, శుభ్రమైన నీళ్ళు, ఈనడానికి వేరే గది ఉండాలి. మేత మార్పు వారం రోజులు కొంచెం కొంచెంగా జరగాలి.

తరవాణి లాంటి మేత

మన ఇళ్ళలో తరవాణి ఉండేది. మన ఒడియా ఇరుగుపొరుగు పఖాళ నీటిని తొరాణి అంటారు. డెన్మార్క్ వాళ్ళు పందులకు పెట్టే పులిసిన మేతదీ ఇదే సూత్రం. ఒక వంతు మేతకు రెండు, మూడు వంతుల నీళ్ళు పోసి, మూతపెట్టి, పుల్లబడే వరకు ఉంచాలి. ఆ తర్వాత రోజూ సగం తీసి పెట్టి, మిగిలిన సగంలో కొత్త మేత, నీళ్ళు కలపాలి. పెరుగుకు తోడు వేసినట్టే. పుల్లటి వాసన ఉంటే మంచిది. కుళ్ళు వాసన వచ్చినా, బూజు కనిపించినా పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఉత్త తవుడు, గంజి పులియబెడితే పిల్లలు పెరగవు. నూకలు, మొక్కజొన్నతో పాటు మాంసకృత్తుల కోసం సోయా చెక్క గానీ వేరుశనగ చెక్క గానీ ఉండాలి. ముసురు రోజుల్లో చెక్కకు బూజు పడితే అందులో పుట్టే విషం కాలేయాన్ని పాడుచేస్తుంది. అలాంటి చెక్క పెట్టకండి.

వాము, వెల్లుల్లి, ఆమ్లాలు

వాములోని థైమాల్, వెల్లుల్లిలోని అల్లిసిన్ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను చంపుతాయి. పందులకు పెట్టినప్పుడు ఫలితం ఒకచోట బాగుంటుంది, ఒకచోట ఉండదు. సహాయంగా వాడుకోవచ్చు, వాటి మీదే ఆధారపడకూడదు. సిట్రిక్ ఆమ్లం, ఫార్మిక్ ఆమ్లం కొద్ది మోతాదులో మేతలో కలుపుతారు. అది పశువైద్యుడు చెప్పిన కొలతలోనే జరగాలి. జింక్ ఆక్సైడ్ పారుడును ఆపుతుంది, కానీ పేడతో నేలలో పేరుకుంటుంది. అందుకే యూరప్‌లో 2022 జూన్‌లో ఔషధ మోతాదులో దాని వాడకం ఆపేశారు.

మన తీరంలో ప్రత్యేకంగా

మార్కండి లాంటి వేట ఊళ్ళలో ఎండు చేపల తుక్కు దొరుకుతుంది, మంచి మాంసకృత్తు. కానీ ఉప్పు చేప ఎక్కువై, నీళ్ళు తక్కువైతే పందికి ఉప్పు విషం ఎక్కుతుంది. తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. ఉప్పు కడిగి, కొద్దిగా పెట్టండి, నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. అమ్మే ముందు కొన్ని వారాలు చేప ఆపకపోతే మాంసానికి నీచు వాసన వస్తుంది. బరంపురం హోటళ్ళు, పెళ్ళి మండపాల నుంచి తెచ్చే కుడితిని కలుపుతూ కనీసం అరగంట మరిగించాలి. 2020లో మన దేశానికి వచ్చిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఇలాంటి ఎంగిలి ద్వారా కూడా వ్యాపిస్తుంది. అది వైరస్ జబ్బు, యాంటీబయోటిక్ దాని మీద పనిచేయదు.

జబ్బు చేస్తే?

జబ్బు చేసిన పందికి మందు మానమని మేము చెప్పడం లేదు. పశువైద్యుడు చూసి రాస్తే ఆ పందికే, చెప్పినన్ని రోజులూ వేయండి. ఆఖరి మోతాదు తర్వాత ఎన్ని రోజులకు అమ్మవచ్చో అడిగి గోడ మీద రాసుకోండి. రోజూ మేతలో కలిపే పొడి కథ వేరు. దాని బాకీ రేపు ఆసుపత్రిలో మన పిల్లలు తీర్చాల్సి వస్తుంది.