వేడికి కూడా ఒక స్విచ్చు



గోడకున్న స్విచ్చు నొక్కితే బల్బు వెలుగుతుంది. మళ్ళీ నొక్కితే ఆరిపోతుంది. కరెంటుకు దారి ఇవ్వడం, దారి మూయడం, ఈ రెండే దాని పనులు. అలాగే వేడికి దారి ఇచ్చే, దారి మూసే స్విచ్చులు కూడా ఉన్నాయి. అంతరిక్షంలోకి పంపే అతి చల్లని పరికరాల కోసం వీటిని తయారు చేస్తారు. వీటిని ఇంకా చిన్నవిగా, ఇంకా నమ్మకంగా పనిచేసేవిగా చేయడానికి విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు పరిశోధనలు చేస్తున్నారు. "పొలం పని, బీడీల పని, సాంచాల పని చేసుకునే మనకు దీనితో ఏం సంబంధం?" అని పేజీ తిప్పేయకండి. మన పిల్లల గురించిన మాట ఇందులో ఉంది.

అంత చలి ఎందుకు?

యోబు గ్రంథంలో మృగశీర్షం పేరు చదువుతాం. చలికాలపు రాత్రి ఆ నక్షత్రాల మధ్య కంటికి మసకగా ఒక మేఘం కనిపిస్తుంది. అలాంటి వాయు మేఘాల్లోనే కొత్త నక్షత్రాలు పుడతాయి. అక్కడి చల్లని ధూళి కంటికి కనబడే వెలుగు ఇవ్వదు. దాని నుండి వచ్చేవి బహు స్వల్పమైన వేడి కిరణాలు. చూసే పరికరమే వెచ్చగా ఉంటే దాని సొంత వేడిలో ఆ కిరణాలు మునిగిపోతాయి. సిరిసిల్లలో సాంచాలు నడిచే షెడ్డులో నిలబడి పసిబిడ్డ ఊపిరి వినగలమా? ముందు సాంచాలు ఆపాలి. అందుకే ఆ పరికరాలను విపరీతంగా చల్లబరుస్తారు.

నీళ్ళు గడ్డకట్టేది సున్నా డిగ్రీల దగ్గర. దానికి ఇంకా 273 డిగ్రీలు దిగువకు పోతే చలికి అదే అంచు. 2021 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, అంతరిక్షానికి వెళ్ళిన జేమ్స్ వెబ్ టెలిస్కోపులో ఒక పరికరం సున్నాకు 266 డిగ్రీల దిగువన పనిచేస్తుంది.

ఇది పరాయి దేశపు సంగతి మాత్రమే కాదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం మన హైదరాబాదులోనే ఉంది. అక్కడి నుండి మీటరు వెడల్పు అద్దమున్న టెలిస్కోపును పెద్ద బెలూనుకు కట్టి, సుమారు ముప్పై కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. అందులోని వేడిని కొలిచే పరికరాలను ఆ అంచుకు ఒక్క డిగ్రీ కూడా దూరం లేనంతగా చల్లబరిచారు. పని ముగిశాక ఇలాంటి యంత్రాలు పారాచూట్ మీద పల్లెల పొలాల్లో దిగుతాయి. అలాంటిది కనబడితే విప్పకుండా, ముట్టకుండా పోలీసులకో పోస్టాఫీసుకో తెలపాలి. మనకు ఇనుప డబ్బాలా కనిపించే దానిలో ఎందరి ఏళ్ళ కష్టమో ఉంటుంది.

స్విచ్చు ఎలా పనిచేస్తుంది?

ఎండాకాలం రంజన్‌లో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? చెమ్మ ఆవిరైపోతూ వేడిని తీసుకుపోతుంది. హీలియం వాయువును ద్రవంగా మార్చి, దాన్ని ఆవిరి చేసి ఇదే సూత్రంతో చల్లబరుస్తారు. ఆ ఆవిరిని పీల్చుకోవడానికి ప్రత్యేకమైన బొగ్గు వాడతారు. చల్లగా ఉన్నప్పుడు బొగ్గు ఆవిరిని పీల్చుకుంటుంది. నిండిన తరువాత దాన్ని వెచ్చచేస్తే తిరిగి వదులుతుంది. పీల్చేటప్పుడు బొగ్గును చల్లని భాగంతో కలపాలి. వెచ్చచేసేటప్పుడు విడదీయాలి, లేకపోతే ఆ వేడి పాకి అంతవరకు చేసిన చలువంతా పాడవుతుంది. అక్కడే స్విచ్చు కావాలి.

ఒక రకం స్విచ్చులో రెండు లోహపు ముక్కలు ఎదురెదురుగా ఉంటాయి. మధ్య వెంట్రుకంత సందు. ఆ సందులో కొంచెం వాయువు నింపితే వేడి ఇటు నుండి అటు దాటుతుంది. వాయువు తీసేస్తే ఆగిపోతుంది. ముక్కలు రెండూ కదలవు. వాటిని చుట్టి పట్టుకునేది ఒక పలుచని గొట్టం. వేడిని దాదాపు పోనివ్వనంత పలుచగా, ముక్కలు జారిపోనంత గట్టిగా ఆ గొట్టం ఉండాలి.

ఇంకొక రకం మైనంతో పనిచేస్తుంది. మైనం కరిగితే ఉబ్బి లోహాన్ని నెట్టి కలుపుతుంది, చల్లబడితే కుంచించుకొని విడదీస్తుంది. 2004లో అంగారక గ్రహం మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ బండ్ల బ్యాటరీలను ఇలాంటి స్విచ్చులే కాపాడాయి. బ్యాటరీ వేడెక్కితే వేడిని బయటికి పంపాయి, రాత్రి చలిలో లోపలే నిలిపాయి.

వినడానికి సులువే, చేయడం కష్టం. అద్దంలా నునుపు చేసిన రెండు లోహాలు కూడా నిజానికి కొన్ని చుక్కల దగ్గరే తాకుతాయి. అతి చలిలో ఒక్కో లోహం ఒక్కో తీరుగా ముడుచుకుంటుంది. వెంట్రుకంత సందు మూసుకుపోతే స్విచ్చు ఇక విడదీయలేదు. గాలి తీసేసిన పెట్టెలో పెట్టి చల్లబరచాలి, కొలవాలి, మళ్ళీ వెచ్చచేసి విప్పి సరిచేయాలి. ఒక్క కొలతకే రోజులు పట్టవచ్చు. ఇది ఓర్పుగల యౌవనుల పని.

తలిదండ్రులకు ఒక మాట

ఈ చలి శాస్త్రానికి తొలి అడుగులు వేసినవారిలో మైకేల్ ఫారడే ఒకరు. కమ్మరి కొడుకు. కాలేజీ మెట్లెక్కలేదు. 1823లో క్లోరిన్ వాయువును ద్రవంగా మార్చాడు. ఆయన ఒక చిన్న సంఘంలో పెద్దగా కూడా సేవ చేశాడు. పరిశోధన ఆయన విశ్వాసానికి అడ్డు రాలేదు.

బోయినపల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు మన ఇళ్ళలో పిల్లలను పంపడం కొత్త కాదు. కొడుకులను గల్ఫుకు, భీవండికి పంపాం. కానీ ఇంటర్‌లో లెక్కలు బాగా వచ్చిన ఆడపిల్ల పై చదువుకు పోతానంటే "అంత దూరమా?" అంటాం. తిరువనంతపురంలో అంతరిక్ష శాస్త్రం నేర్పే విద్యాసంస్థ ఉంది. బెంగళూరు, ఖరగ్‌పూర్‌లలో అతి శీతల శాస్త్రానికి ప్రత్యేక కేంద్రాలున్నాయి. పరీక్ష రాసి గెలిచినవారికి అక్కడ చోటుంది. ఊరి పేరు అడ్డం కాదు.

ఎప్పుడూ కలిపే ఉంచే స్విచ్చు స్విచ్చు కాదు, ఎప్పుడూ విడదీసే ఉంచేదీ కాదు. ప్రతి పనికీ తగిన వేళ గురించి ప్రసంగి మూడవ అధ్యాయం చెప్పేది మీకు తెలిసినదే. హన్నా సమూయేలును ఏళ్ళ తరబడి అడిగి పొందింది, పాలు మానిన తరువాత మందిరంలో అప్పగించింది. అప్పగించి మరచిపోలేదు. ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకుపోయింది. ఆ అంగీయే వారి మధ్య పలుచని గొట్టం. బిడ్డను తన పనిలో ఎదగనిచ్చింది, తల్లితో బంధం మాత్రం జారనివ్వలేదు.

మీ ఇంట్లో చదువుకోవాలని అడుగుతున్న బిడ్డ ఉంటే, ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆ మాట దేవుని ముందు పెట్టండి. ప్రార్థించి, కూర్చోబెట్టి, "ఏం చదువుతావు బిడ్డా?" అని అడగండి. వేళ వచ్చినప్పుడు పంపండి. ప్రార్థన మాత్రం విడవకండి.

దేవుడు మీ పిల్లలను దీవించును గాక.