ఖాళీ ఉన్నా పాటలు ఎందుకు ఎక్కవు?

జగ్గయ్యపేట దగ్గరి వేదాద్రి నరసింహస్వామి పాటలను 2 జీబీ కార్డున్న ప్లేయర్‌లోకి కాపీ చేస్తున్నారనుకుందాం. కార్డు సగానికి పైగా ఖాళీగా ఉండగానే 'స్థలం చాలదు' అని పని ఆగిపోవచ్చు. దీనికి కారణం పాటల పరిమాణం కాదు, పేర్ల పొడవు.

ఇటువంటి చిన్న కార్డుల్లో సాధారణంగా ఫ్యాట్16 పద్ధతి ఉంటుంది. దాని మూల ఫోల్డర్ పట్టికలో సాధారణంగా 512 గడులే ఉంటాయి. ప్రతి ఫైలుకు ఒక గడి, తెలుగు పేరులోని ప్రతి 13 సంకేతాలకు మరొక గడి కావాలి. 'వేదాద్రి' మనకు మూడక్షరాలే; యూనికోడ్‌లో 8 సంకేతాలు. 'వేదాద్రి లక్ష్మీనరసింహస్వామి.ఎంపీ3' వంటి పేరుకు నాలుగు గడులు పడతాయి. కనుక సుమారు 128 పాటలకే పట్టిక నిండుతుంది.

కార్డు చెడిందనుకొని ఫార్మాట్ చేయవద్దు. పాత రికార్డింగులు పోతాయి. కార్డులో ఒక ఫోల్డర్ సృష్టించి పాటలను అందులోకి పంపండి. ఉపఫోల్డర్‌కు ఈ 512 పరిమితి వర్తించదు.