స్వెటర్ అసలు సైజు ఎంత?

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. పొద్దున సున్నుండలో, జంతికలో చేసి డబ్బాలకెత్తాక మధ్యాహ్నాలు ఆవిడ ఊలు అల్లుతారట. మనవడికి అల్లిన స్వెటర్‌ను టేపు పెట్టి కొలిచిన ప్రతిసారీ ఒక్కో కొలత వస్తోందట. ఉతికి ఆరేశాక ఒకటి, పిల్లవాడు వేసుకుని విప్పాక ఇంకొకటి, మడత పెట్టి వారం తర్వాత తీస్తే మరొకటి. ఇంతకీ దాని అసలు సైజు ఏదని ఆవిడ ప్రశ్న. ఈ నెల రాద్దామనుకున్నదంతా పక్కన పెట్టేశాను. వస్త్రశాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న ఇదే. దీనికి గట్టి జవాబు 2024 డిసెంబరులో గానీ అచ్చు కాలేదు.

ముందు రెండు ముక్కలు. నేసిన బట్టలో పడుగు, పేక అనే రెండు వరసల దారాలుంటాయి. అల్లికలో ఒకే దారం లూపులుగా వంగి, కింది వరుస లూపుల్లోంచి దూరి పైకొస్తుంది. ఇంట్లో ఊలు స్వెటర్ లేకపోతే బనీను తీసుకోండి, అదీ అల్లికే. తిరుప్పూర్ మిషన్ మీద తయారైనా అందులో ఉండేదీ సూదుల మీద పడే లూపే. బనీనును భూతద్దం కింద పెట్టి చూస్తే పైవైపు ఇంగ్లిషు 'వి' అక్షరాలు నిలువునా పేర్చినట్టు కనిపిస్తాయి. తిరగేస్తే అడ్డంగా చిన్న చిన్న విల్లులు. అంచున ఒక పోగు లాగి రెండు చేతులతో సాగదీయండి. సాగదు, తెగుతుంది. బనీను మాత్రం అడ్డంగా లాగితే హాయిగా సాగుతుంది.

సాగని దారంతో సాగే బట్ట ఎలా వచ్చింది? నన్ను కట్టిపడేసేది ఇక్కడే. అడ్డంగా లాగినప్పుడు దారం పొడవు దాదాపు మారదు, లూపు ఆకారం మారుతుంది. లూపు పక్కలనున్న నిలువు భాగాలను కాళ్లు అనీ, పైన వంగిన భాగాన్ని తల అనీ అనుకుందాం. కాళ్లలో ఉన్న దారం జారి తలవైపు వెళుతుంది. తల వెడల్పవుతుంది, కాళ్లు పొట్టివవుతాయి. అందుకే బనీను అడ్డంగా సాగినంతసేపూ నిలువున కుంచించుకుంటుంది. నిలువుగా లాగితే తలలోని దారం కాళ్లలోకి దిగుతుంది. బట్ట సాగడమంటే వేల లూపుల్లో దారం అటు నుంచి ఇటు సర్దుకోవడమే. మరి వదిలేస్తే వెనక్కి ఎందుకొస్తుంది? వంచిన దారం తిన్నగా అవ్వాలని చూస్తుంది. పక్క లూపులు దాన్ని అవ్వనివ్వవు. ఆ పెనుగులాటలో ప్రతి లూపూ తనకు అతి తక్కువ ఇబ్బంది ఉన్న ఆకారం వైపు వెళుతుంది.

ఈ లెక్క ప్రకారం స్వెటర్‌కు ఒకే ఒక విశ్రాంతి స్థితి ఉండాలి. 20వ శతాబ్దమంతా చాలామంది అలాగే నమ్మారు. 1947లో పియర్స్ అనే వస్త్రశాస్త్రవేత్త లూపును వృత్తఖండాలు, సరళరేఖలతో గీసి కొలతలు కట్టాడు. అందమైన జ్యామితి. కానీ దారం ఎటు నెడుతోంది, ఎంత నెడుతోంది అన్నది ఆ బొమ్మలో లేదు. 1955లో లీఫ్, గ్లాస్కిన్ ఆ ఆకారం నిలకడగా ఉండలేదని చూపించారు. 1953లో డాయిల్, 1959లో మండెన్ మాత్రం అసలైన సంగతి పట్టుకున్నారు: ఒక్కో లూపులో ఎంత దారం పట్టిందన్నదే బట్ట కొలతలను ప్రధానంగా నిర్ణయిస్తుంది. చెయ్యి బిగువుగా అల్లేవారి స్వెటర్ చిన్నదెందుకవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. అయితే మండెన్ ఇంకో అడుగు వేసి, ప్రతి అల్లికకూ సహజమైన ఒక రూపం ఉంటుందని, వదిలేస్తే అది అక్కడికే చేరుతుందని అన్నాడు.

చేరలేదు. పొడిగా వదిలేస్తే ఒక కొలత, నీళ్లలో నానబెట్టి ఆరబెడితే మరో కొలత వచ్చాయి. 1968లో నాప్టన్ బృందం డ్రయ్యర్‌లో గిరగిరా తిప్పి ఆరబెట్టి, ఇదీ 'పూర్తి విశ్రాంతి' అని మూడో స్థితికి పేరు పెట్టింది. ఒకే గమ్యం ఉందన్న నమ్మకం ఎంత బలమైందంటే, దొరికిన ప్రతి కొత్త స్థితినీ ఆ గమ్యానికి ఇంకాస్త దగ్గరి మజిలీగానే చూశారు.

వాళ్లు చిన్నచూపు చూసింది ఘర్షణను. వంటింటి నేల మీద బియ్యం కుప్ప పోయండి. దాని వాలు ఎంతుండాలి? ఒక హద్దు దాటనంత వరకు ఎంతైనా ఉండొచ్చు. చేత్తో కాస్త చదును చేస్తే ఆ కొత్త వాలులోనూ కదలకుండా నిలబడుతుంది. గింజకూ గింజకూ మధ్య ఉన్న ఘర్షణ ప్రతి వాలునూ నిలబెడుతుంది. అల్లికలోనూ ఇదే కథ. దారం మీద దారం ఆనిన ప్రతిచోటా ఘర్షణ ఉంది. లాగి వదిలిన లూపు వెనక్కి జారుతూ జారుతూ, దాన్ని నెట్టే బలం ఘర్షణ హద్దు కన్నా తగ్గగానే ఆగిపోతుంది. ఎక్కడ ఆగుతుందన్నది ఎటు నుంచి, ఎంత దూరం నుంచి వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఫ్రాన్స్‌కు చెందిన క్రాస్సు, స్టీన్‌బెర్గర్, జపాన్‌లో పనిచేస్తున్న ప్వాంక్లూ 2024లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో తేల్చింది ఇదే. ప్రయోగాలు చేశారు, కంప్యూటర్లో అనుకరించారు, కాగితం మీద సూత్రాలూ కట్టారు. బయటి నుంచి ఏ బలమూ లేని అల్లికకు ఒక్క విశ్రాంతి రూపం కాదు, తెగకుండా వరసగా పరుచుకున్న ఎన్నో రూపాలు ఉన్నాయి. ప్రతిదీ నిఖార్సయిన విశ్రాంతి స్థితే. కాబట్టి అమ్మా, మీ టేపు సరిగ్గానే ఉంది. మీ స్వెటర్‌కు అసలు సైజంటూ ఒకటి లేదు, సైజుల శ్రేణి ఉంది.

ప్వాంక్లూ బృందం 2018లో చేసిన ఇంకో పని చెప్పకుండా ఉండలేను. అల్లిన బట్టను అతి నెమ్మదిగా లాగుతూ బలాన్ని కొలిస్తే, గీత నున్నగా రాలేదు, చిన్న చిన్న కుదుపులతో వచ్చింది. దారం నెమ్మదిగా జారదు, పట్టుకుని పట్టుకుని ఒక్కసారిగా జారుతుంది, ఆ జారుడు పక్క లూపులకూ పాకుతుంది. ఆ కుదుపుల లెక్క భూకంపాల లెక్కను పోలి ఉంది: చిన్నవి బోలెడు, పెద్దవి అరుదు. ఒంటిమీది బనీనులో, చెవికి అందని స్థాయిలో, చెయ్యెత్తిన ప్రతిసారీ జరిగేది ఇదే!

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత స్వెటర్ విప్పినవాళ్లకు తెలుసు, ఊడివచ్చే ఊలు ఉంగరాలు తిరిగే ఉంటుంది. ఏళ్ల తరబడి వంగి ఉన్న దారానికి ఆ వంపే స్వభావమైపోతుంది. మళ్లీ అల్లాలంటే చుట్టగా కట్టి, నీళ్లలో తడిపి, బరువు వేలాడదీసి ఆరబెట్టాలి. అంటే తడి, ఘర్షణ బిగించిన పట్టును వదులుచేయడమే కాదు, దారం 'తిన్నగా' అనుకునే రూపాన్నే మార్చేస్తుంది.

ఉపయోగం ఏమిటని అడుగుతారు. ఇలాంటి పరిశోధన రాగానే వార్తల్లో మెత్తటి రోబోలనీ, తెలివైన పట్టీలనీ రాస్తారు. అవి వచ్చినప్పుడు చూద్దాం. ఈలోగా దండెం మీద ఉన్న స్వెటర్ సంగతి ఎవరూ రాయరెందుకు? తడిసిన ఊలు బరువుకు లూపుల తలల్లోని దారం కాళ్లలోకి దిగుతుంది. ఆరేకొద్దీ ఘర్షణ దాన్ని అక్కడే పట్టేస్తుంది. పొడవైన స్వెటర్ కూడా దాని దృష్టిలో చక్కగా విశ్రాంతి తీసుకుంటున్నదే, తనంతట తాను పొట్టిగా మారదు. అందుకని పిండకుండా తువ్వాలులో చుట్టి నీళ్లు ఒత్తేయండి, చాప మీద పరిచి చేత్తో మీకు కావలసిన కొలతకు సర్దండి, నీడన ఆరనివ్వండి.