చెంచాడు మెంతులు, చక్కెర లెక్కలు

సెలవులకి ఇండియా వెళ్ళి వచ్చిన వారి పెట్టెలు విప్పితే ఆవకాయ, కందిపొడి, గోంగూర పచ్చడి పక్కనే ఈ మధ్య మరికొన్ని పొట్లాలు కూడా బయటపడుతున్నాయి. మెంతిపొడి, నేరేడు గింజల పొడి, కాకరకాయ గుళికలు, పొడపత్రి చూర్ణం! "అల్లుడిగారికి షుగరట కదా, పరగడుపున ఓ చెంచా వేసుకోమను" అని అత్తగారు కట్టి పంపిస్తారు. ఇక్కడ రియాద్ బత్హా బజారులో మూలికలమ్మే అత్తార్ దుకాణానికి వెళితే సౌదీలు కూడా అదే జబ్బుకి అవే గింజలు కొంటూ కనిపిస్తారు.

కనిపించక ఏం చేస్తారు? 1995-2000 మధ్య సౌదీ అంతటా జరిపిన సర్వేలో 30 నుంచి 70 ఏళ్ళ లోపు వారిలో 23.7 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. అంటే నలుగురిలో దాదాపు ఒకరికి. మనవాళ్ళూ తక్కువ తినలేదు. భారతీయులకి ఈ జబ్బు చిన్న వయసులోనే, పెద్దగా లావెక్కకుండానే వస్తుందన్నది వైద్యులకి తెలిసిన విషయమే. దానికి తోడు ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, అందులోంచి ఏసీ ఆఫీసులోకి, రాత్రి తొమ్మిదింటికి కంచం నిండా అన్నం!

మరి ఈ పొడులు పనిచేస్తాయా? నేను వైద్యుణ్ణి కాను, సాఫ్ట్‌వేర్ వాణ్ణి. కాకపోతే ఏ యంత్రమైనా ఎలా నడుస్తుందో విప్పి చూడందే నిద్రపట్టని రకాన్ని. అలా చదివి తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను.

రెండు గొట్టాల ట్యాంకు

మన మిద్దె మీద నీళ్ళ ట్యాంకుని ఊహించుకోండి. అందులోని నీరే రక్తంలోని గ్లూకోజు అనుకుందాం. లోపలికి నీళ్ళు తెచ్చే గొట్టాలు రెండు. మొదటిది పేగులది, తిన్న తిండి లోంచి వచ్చే చక్కెర ఇందులోంచి వస్తుంది. రెండవది కాలేయానిది, మనం తిననప్పుడు, ముఖ్యంగా రాత్రిపూట, కాలేయం చక్కెరని కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతూ ఉంటుంది. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున్నే షుగరు ఎక్కువ చూపించడానికి ఇదొక ముఖ్య కారణం. బయటికి పోయే పెద్ద గొట్టం కండరాలది. మట్టం చూసి కుళాయిలు తిప్పే కాపలాదారు క్లోమం. ఆయన చేతిలో పనిముట్టు ఇన్సులిన్.

టైపు 2 మధుమేహంలో కుళాయిలు బిగుసుకుపోతాయి, కొన్నాళ్ళకి కాపలాదారు కూడా అలిసిపోతాడు. టైపు 1లో పనిముట్టే దాదాపు ఉండదు. కాబట్టి టైపు 1 వారికి ఏ మొక్కా ఇన్సులిన్‌కి బదులు కాలేదు. ఈ ఒక్క మాట మాత్రం మరిచిపోకండి.

ఏ మొక్క ఏ కుళాయి దగ్గర?

మెంతుల్లో గాలక్టోమానన్ అనే జిగురు పీచు ఉంది. నానబెట్టిన మెంతులు జిగటగా అవడం అందరం చూసిందే. ఆ జిగురు పేగుల్లో అన్నంతో కలిసి, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. అంటే మొదటి గొట్టాన్ని కాస్త కట్టేస్తుంది. మెంతుల్లోనే ఉన్న మరొక అమైనో ఆమ్లం ఇన్సులిన్ ఊరడానికి సాయపడుతుందని ప్రయోగశాలల్లో చూశారు. పొడపత్రి ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసక నమిలినట్లుంటుంది. అందులోని ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోటుని మూసేస్తాయి.

ఇందులో మన హైదరాబాదు వాటా చిన్నదేమీ కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన పరిశోధనలో, టైపు 1 రోగులకి నూనె తీసేసిన మెంతిపిండిని పదిరోజుల పాటు తిండిలో కలిపి ఇచ్చారు. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. ఇంతవరకే చెప్పి ఊరుకుంటారు చాలామంది. ఎంత పిండి ఇచ్చారో కూడా చూడాలి కదా! రోజుకి 100 గ్రాములు. చిన్న చెంచాడు మెంతులు సుమారు నాలుగు గ్రాములు తూగుతాయి. అంటే పాతిక చెంచాలు! మనం మింగే ఒక్క చెంచాకి అదే ఫలితం ఆశిస్తే ఎలా?

2015లో హైదరాబాదు పరిశోధకులే మరొకటి ప్రచురించారు. మధుమేహం ఇంకా రాని, గడప దాకా వచ్చిన 140 మందిలో కొందరికి రోజుకి పది గ్రాముల మెంతిపొడి మూడేళ్ళపాటు ఇచ్చారు. తీసుకోని వారికి మధుమేహం వచ్చే అవకాశం 4.2 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆశ పుట్టించే ఫలితమే, కాని పెద్ద పరీక్షల్లో ఇంకా నిలబడాలి.

ఇక మన ఈస్టర్న్ ప్రావిన్స్ సంగతి. దమ్మాం వైద్య కళాశాల వారు 2010లో నల్లజీలకర్ర మీద ఫలితాలు ప్రచురించారు. సౌదీలు హబ్బత్ అల్ బరకా అనేది దీన్నే. 94 మంది టైపు 2 రోగులకి వారు వాడుతున్న మందులతో పాటుగా రోజుకి ఒకటి, రెండు, లేక మూడు గ్రాములు ఇచ్చారు. రెండు గ్రాముల వారికి మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ 1.52 తగ్గింది. మూడు గ్రాములిచ్చినా అదనపు లాభం లేదు. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఎవరూ మాత్రలు మానలేదు. ఉత్తుత్తి గుళికలిచ్చి పోల్చిన జట్టూ లేదు.

అలా పోల్చి చూసినప్పుడు పొంగు కొంత దిగుతుంది. 2003లో పాకిస్తాన్‌లో 60 మందికి దాల్చినచెక్క ఇస్తే చక్కెర 18 నుంచి 29 శాతం తగ్గిందన్నారు. 2012లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి, దాన్ని మధుమేహానికి వాడమనడానికి తగిన ఆధారం లేదంది. 2011లో థాయిలాండ్‌లో రోజుకి రెండు గ్రాముల కాకర గుళికలు చక్కెరని కొంత తగ్గించాయి, కాని ఒక గ్రాము మెట్‌ఫార్మిన్ తగ్గించినంత కాదు.

ఆ మెట్‌ఫార్మిన్ పుట్టుకకీ ఒక మొక్కే దారి చూపింది. మెంతుల కుటుంబానికే చెందిన గాలెగా అనే యూరపు మొక్కలోని పదార్థానికి చక్కెర తగ్గించే గుణం ఉంది, విషమూ ఉంది. దాన్ని మేసిన గొర్రెలు చచ్చిపోతాయి. ఆ పదార్థపు పోలికలతో ప్రయోగశాలలో చేసిన మెట్‌ఫార్మిన్‌ని 1957లో పారిస్‌లో జాఁ స్టెర్న్ అనే వైద్యుడు మధుమేహానికి వాడి చూపించాడు. చెట్టు, మాత్ర రెండు శత్రుపక్షాలు కావు. గుణం, విషం విడదీసి, మోతాదు తేల్చిందే మాత్ర.

"ప్రకృతి సిద్ధం కదా!"

అందుకే "చెట్టు మందు, సైడ్ ఎఫెక్టులుండవు" అన్న మాట దగ్గరే నాకు పేచీ. చక్కెర తగ్గించే శక్తి ఉంటే, అవసరానికి మించి తగ్గించే శక్తీ ఉన్నట్లే. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు పైనుంచి పొడులు కూడా వేసుకుంటే చక్కెర 70 కంటే కిందికి జారవచ్చు. చెమటలు, వణుకు, తికమక. ఇది దమ్మాం-రియాద్ రోడ్డు మీద కారు నడుపుతూండగా జరిగితే?

రంజాన్ ఉపవాసాలుండే మన తెలుగు ముస్లిం సోదరులకి ఇది మరీ ముఖ్యం. 2001లో సౌదీతో సహా 13 దేశాల్లో జరిపిన అధ్యయనంలో, టైపు 2 వారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం మిగతా నెలల కంటే రంజాన్‌లో 7.5 రెట్లు ఎక్కువని తేలింది. ఉపవాసానికి ముందు మాత్రల లెక్కతో పాటు పొడుల లెక్క కూడా డాక్టరుతో సరిచూసుకోవాలి.

ఇంకొక ప్రమాదం కల్తీ. "వారంలో షుగరు మాయం" అనే చూర్ణం నిజంగానే వారంలో పనిచేస్తే సంతోషించకండి, అనుమానించండి. మూలికా మందుల పేరుతో అమ్మేవాటిలో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు పొడిచేసి కలిపిన ఉదంతాల మీద అమెరికా ఆహార, ఔషధ సంస్థ పలుమార్లు హెచ్చరించింది. 2008లో సింగపూరులో బలానికని అమ్మిన నకిలీ మాత్రల్లో, మూలికా మందుల్లో ఇదే కలిసి, మధుమేహమే లేనివారు ఆస్పత్రుల పాలయ్యారు. నలుగురు చనిపోయారు.

మరేం చెయ్యాలి?

సాఫ్ట్‌వేర్‌లో ఒక మంచి అలవాటుంది. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి, చేసి కొలవాలి. ఇక్కడా అంతే. కూరలో, పోపులో వేసుకునే మెంతులకి, కాకరకాయ వేపుడికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని మందులా రోజూ మింగదలిస్తే ముందు ఒక వారం పరగడుపున, భోజనమైన రెండు గంటలకి షుగరు చూసి రాసుకోండి. డాక్టరుకి చెప్పి, ఒకే ఒక్క పొడి, తూచి మొదలుపెట్టండి. అదే వారం నడక మొదలుపెట్టి, అన్నం తగ్గించి, ఘనత పొడికి ఇవ్వకండి. ఎర్ర రక్తకణాల ఆయువు సుమారు 120 రోజులు కనుక హెచ్‌బీఏ1సీ మూడు నెలలకి గాని అసలు సంగతి చెప్పదు. తగ్గితే మాత్ర తగ్గించవలసింది డాక్టరు, మనం కాదు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవారు, గర్భిణులు, ఆపరేషనుకి వెళ్ళేవారు అడగకుండా ఏదీ మొదలెట్టవద్దు.

డాక్టరు నవ్వుతాడేమోనని మొహమాటం వద్దు. ఇక్కడి వైద్యులకి ఈ గింజలు కొత్తవి కావు. మెంతులు హుల్బా, నల్లజీలకర్ర హబ్బత్ అల్ బరకా, దాల్చినచెక్క ఖిర్ఫా. ఈ మూడు పేర్లు చెబితే చాలు, ఎంత, ఎప్పుడు అని ఆయనే అడుగుతాడు. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు మన చీటీలో రాసి ఉండాలి.