చేతిదాకా వచ్చిన గెలుపు జారిపోతే

హనుమాన్ జంక్షన్ నుండి దక్షిణంగా పోయే రోడ్డు గుడివాడ చేరుతుంది. చదరంగంలో మన జిల్లా పేరు లోకమంతా వినబడేలా చేసిన కోనేరు హంపి గారు 1987లో ఆ ఊళ్లోనే పుట్టారు. తండ్రి అశోక్ గారు అధ్యాపక ఉద్యోగం మానుకొని బిడ్డకు ఆట నేర్పారు. 2002లో, పదిహేనేళ్లకే, ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. మన దేశంలో ఆ హోదా పొందిన మొదటి మహిళ ఆమే.

2025 జూలైలో జార్జియా దేశంలోని బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో ఆమె ఎదుట కూర్చున్నది నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్. వయస్సు 19. హంపి గారు గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి దివ్య పుట్టనే లేదు. రేటింగ్‌లో సుమారు 80 పాయింట్లు వెనుక. గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా అప్పటికి లేదు.

26వ తేదీన మొదటి ఆట. దివ్యకు గెలిచే అవకాశం తొందరగానే దొరికింది. కాని సరైన ఎత్తు ఆమెకు తోచలేదు. హంపి గారు ఓర్పుతో నిలబడ్డారు. ఆట డ్రా అయింది.

చదరంగంలో ఇలా తరచుగా జరుగుతుంది. పైచేయి అయినవారికి గెలుపు ముందే కనబడి తొందర పుడుతుంది. కష్టంలో ఉన్న అనుభవజ్ఞులు మాత్రం ప్రతి ఎత్తుకూ ఎదుటివారికి ఒక చిక్కు పెడతారు. నూజివీడు తోటల రైతులకు ఇది కొత్త కాదు. పూత విరగబూసినంత మాత్రాన కాపు చేతికొచ్చినట్టు కాదు గదా!

అంత మంచి అవకాశం పోయిన పిల్ల మరునాడు ఎలా ఆడుతుంది? దివ్య కుంగిపోలేదు. రెండో ఆటా డ్రా. 28న టై బ్రేక్. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తు ఎత్తుకూ మరో 10 సెకన్లు. మొదటిది డ్రా. రెండో దానిలో గడియారం తరుముతుండగా ఈసారి పొరపాటు హంపి గారిది. రెండున్నర, ఒకటిన్నర పాయింట్లతో దివ్య గెలిచి, తల్లిని కౌగిలించుకొని ఏడ్చింది. ఆ గెలుపుతోనే గ్రాండ్‌మాస్టర్ కూడా అయింది.

38 ఏళ్ల వయస్సులో, ఒక పాపకు తల్లియై, ఫైనల్ దాకా వచ్చిన హంపి గారికి దక్కనిది ఒక్క ఆట. దానితో ఆమె ఘనత తగ్గలేదు. 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచినది ఆమే.

తలిదండ్రులారా, రెండు మార్కుల్లో సీటు పోగొట్టుకొనో, చివరి ఆటలో ఓడిపోయో మన బిడ్డ ఇంటికి వస్తాడు. ఆ పూట పక్కింటి పిల్లలతో పోల్చవద్దు. ముందు అన్నం పెట్టండి. మనసు కుదుటపడ్డాక పక్కన కూర్చొని, ఎక్కడ తప్పిందో వాడి నోటనే చెప్పనివ్వండి. దివ్యకు రెండు రోజుల్లోనే మరో అవకాశం వచ్చింది. మన పిల్లలకు ఏడాది పట్టవచ్చు. అంతవరకు వాళ్లకు తోడుగా ఉండవలసినది మనమే.